పని నేర్పితే వెళ్ళిపోతున్నారు, నేర్పకపోతే కాలుతోంది

కోనసీమలోని ఒక ఊరి నుంచి ఒక ఎలక్ట్రీషియన్ నాకు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. వయసు 46. పదో తరగతి తర్వాత ఒక మేస్త్రీ వెంట తిరిగి వైరింగ్ నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళు ఇళ్ళ వైరింగ్, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే) మోటార్ల రిపేరు చేశారు. రెండేళ్ళుగా డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు బిగిస్తున్నారు. కాకినాడలో ఉన్న వెండరు సరుకు పంపిస్తాడు, బిగింపు పని ఈయనది. నెలకి ఆరేడు ఇళ్ళు.

ఈ రెండేళ్ళలో ముగ్గురు కుర్రాళ్ళకి పని నేర్పారు, ముగ్గురూ వెళ్ళిపోయారు. "పని రానప్పుడు కూడా రోజుకి 400 ఇచ్చాను మాస్టారూ, వచ్చాక 600 చేశాను. మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే. ఒకడు కువైట్ వెళ్ళాడు. ఒకడు కర్నూలు వైపు సోలార్ పార్కులో చేరాడు. మూడోవాడు మా మండలంలోనే సొంతంగా బోర్డు పెట్టి, ఇంటికి నాకంటే రెండు వేలు తక్కువకి ఒప్పుకుంటున్నాడు" అని రాశారు.

దాంతో నాలుగో కుర్రాడికి పూర్తిగా నేర్పకూడదని నిర్ణయించుకున్నారు. స్టాండు బిగించడం, ప్యానెల్ ఎత్తడం, పైపు వెయ్యడం వరకు అతను చెయ్యాలి. డీసీ కేబులు (ప్యానెళ్ళ నుంచి కరెంటు తెచ్చే తీగ) చివర్లు, వాటిని కలిపే కనెక్టర్లు, ఇన్వర్టర్ సెట్టింగులు మాత్రం తనే చేసేవారు. ఆ సమయానికి కుర్రాడిని ఏదో ఒక పని మీద కిందికి పంపేసేవారు. తర్వాత ఒకే రోజు రెండేసి ఇళ్ళు ఒప్పుకోవలసి వచ్చి, రెండు నెలల పాటు కనెక్టర్లు కూడా అతనికే వదిలేశారు. దూరం నుంచి చూసినంత మేరకు అతను చేసేశాడు.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ ఇళ్ళలో ఒకచోట ప్యానెల్ కింద కనెక్టరు కరిగి, పక్కన పడి ఉన్న ఎండు కొబ్బరాకు అంటుకుంది. ఇంటావిడ బకెట్టుతో నీళ్ళు పొయ్యబోతే పక్కింటాయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఇల్లు ఈయన పెద్దమ్మాయి అత్తవారి బంధువులది. "కంపెనీ పార్టు తేడా అండి" అని వాళ్ళకి చెప్పి, కుర్రాడిని మాత్రం వీధిలో పదిమంది ముందు తిట్టి ఇంటికి పంపేశారు. మూడు వారాలైంది, అతను మళ్ళీ రాలేదు.

ఇంకో ముడి కూడా ఉంది. ఈయన చెల్లెలి కూతురికి 21 ఏళ్ళు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసింది. తండ్రి లేడు. "మావయ్యా, నాకు నేర్పించు. నేను ఎక్కడికీ వెళ్ళిపోను" అంటోంది. ఆడపిల్ల డాబాలెక్కితే సంబంధాలెలా వస్తాయని చెల్లెలు ఏడుస్తోంది. ఆ మాట కూడా మనం పడటమెందుకని భార్య అంటోంది.

"ఇక ఎవరికీ నేర్పకుండా ఒక్కడినే చేసుకోనా? సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే పెట్టుకోనా? బాండు రాయించుకోనా? అమ్మాయికి ఏం చెప్పను?" ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఎక్కువ పేజీలు వెళ్ళిపోయిన కుర్రాళ్ళ గురించే ఉన్నాయి. చివరి పేజీలో ఒక వాక్యం రాశారు: "ఆ రెండు నెలల్లో వాడి చెయ్యి పడ్డ ఇళ్ళు ఇంకా పదకొండు ఉన్నాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు." నేను ఆ వాక్యం దగ్గరే మొదలుపెడతాను. కుర్రాళ్ళ సంగతి, అమ్మాయి సంగతి నెల తర్వాత తేల్చుకున్నా ఏమీ కాదు. ఈ పదకొండు ఇళ్ళూ నెల ఆగవు.

మీరు పంపిన కరిగిన కనెక్టరు ఫొటో చూశాను. రెండు సగాలూ కరిగి బెల్లప్పాకంలా అతుక్కుపోయాయి. ఒక సగం మీద ఉన్న గుర్తు, రెండో సగం మీద ఉన్న గుర్తు వేరు వేరు కంపెనీలవి. ప్యానెల్‌తో వచ్చింది ఒక కంపెనీది, మన కేబులుకి పెట్టింది బజార్లో కొన్నది. రెండూ ఒకదాంట్లో ఒకటి టక్కున దిగుతాయి కాబట్టి సరిపోయాయనే ఎవరికైనా అనిపిస్తుంది. లోపల పిన్ను కొలతలో, పూతలో ఉండే వెంట్రుకవాసి తేడా కంటికి కనిపించదు. కాంటాక్టు పూర్తిగా కూర్చోదు. ఇప్పటి 550 వాట్ల ప్యానెళ్ళలో ఎండ బాగా ఉంటే 13 ఆంపియర్ల దాకా కరెంటు నడుస్తుంది. అది గంటల తరబడి ఆ సన్నని ఆనికలోంచి వెళ్తే వేడి, వేడికి ప్లాస్టిక్ మెత్తబడడం, దాంతో ఆనిక ఇంకా వదులవడం, చివరికి ఆర్క్, అంటే సందులోంచి దూకే నిప్పు. పైగా ఆ పిన్నుని తీగకి నొక్కి బిగించే క్రింపింగ్ టూలుతో కాకుండా కటింగ్ ప్లయరుతో నొక్కినట్టు కూడా కనిపిస్తోంది. పక్కకి రెండు రాగి పోగులు బయటికొచ్చి ఉన్నాయి.

ఇరవై ఏళ్ళు ఏసీ కరెంటు, అంటే మామూలు ఇంటి కరెంటు మీద పనిచేసిన చెయ్యి మీది. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది, నిప్పురవ్వ లేచినా ఆరిపోవడానికి వీలు దొరుకుతుంది. డీసీ సున్నాకి రాదు. ఆరు ప్యానెళ్ళ వరస ఎండలో దగ్గర దగ్గర 300 ఓల్టులు ఇస్తుంది. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ళ వైపు ఆ ఓల్టేజీ ఉంటూనే ఉంటుంది. ఆ పక్కింటాయన బకెట్టు ఆపడం మీ అదృష్టం. పదకొండు ఇళ్ళ పక్కనా అలాంటి ఆయన ఉండడు.

అందుకని ఈ వారంలో ఆ ఇళ్ళన్నీ తిరగండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపు, సిస్టమ్ నడుస్తుండగానే, థర్మామీటరు గన్నుతో ప్రతి కనెక్టరూ చూడండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన రకం పనికిరాదు, ఎలక్ట్రికల్ పనికి అమ్మేది కొనండి. పక్కవాటికంటే తేడాగా వేడెక్కింది కనిపిస్తే అప్పుడే సిస్టమ్ ఆపించండి. మిగతావి సాయంత్రం ఎండ తగ్గాక విప్పండి. ముందు ఏసీ బ్రేకరు, తర్వాత ప్యానెళ్ళ వైపు స్విచ్చు, అంటే డీసీ ఐసొలేటరు ఆపాలి. డీసీ కూడా కొలిచే క్లాంపు మీటరులో (తీగ చుట్టూ పెట్టి చూసేది) కరెంటు సున్నా చూశాకే కనెక్టరు లాగాలి. కొత్తవి పెట్టేటప్పుడు రెండు సగాలూ ఒకే కంపెనీవి ఉండాలి. మీకు తెలియని సంగతులని రాయడం లేదు. భయంలో ఉన్న మనిషి తొందరలో ఒక మెట్టు దాటేస్తాడు, అందుకే వరసగా రాశాను.

వెండరుకి కూడా చెప్పండి. కేంద్రం ఇంటి సోలార్ పథకమైన సూర్యఘర్ కింద పెట్టిన సిస్టమ్‌కి ఐదేళ్ళ మెయింటెనెన్స్ బాధ్యత వెండరుది. ఆయన కోప్పడవచ్చు, బిల్లులో కోత పెట్టవచ్చు, రెండు నెలలు మీకు ఇళ్ళు ఇవ్వకపోనూవచ్చు. ఆ నష్టం లెక్కేసుకునే చెప్పండి. చెప్పకుండా ఇంకో ఇల్లు అంటుకుంటే వచ్చే నష్టానికి లెక్క కట్టలేం.

మీ అమ్మాయి అత్తవారి తరఫు వాళ్ళకి మీరు చెప్పిన అబద్ధం సంగతి. నిజం చెబితే కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుంటారు, పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు ఎత్తిపొడుస్తారు. చెప్పకపోతే ఏమవుతుందంటే, కంపెనీ తప్పని మీరు అన్న మాటా నిలబడదు, ఎందుకంటే కుర్రాడిని వీధిలో తిట్టింది వాళ్ళూ చూశారు. ఇప్పుడు వాళ్ళ లెక్కలో తప్పు కుర్రాడిదే. అతను వాళ్ళకి ఎదురుపడి నాకెవరూ నేర్పలేదని చెప్పుకోలేడు. మీరు చెప్పగలరు. నాకైతే చెప్పేయడమే మేలనిపిస్తోంది. ఎప్పుడు, ఎవరితో వెళ్ళి చెప్పాలో మీ అమ్మాయితో ముందు మాట్లాడి నిర్ణయించుకోండి. ఆ ఇంట్లో కాపురం చేసేది ఆమె.

ఇక దాచుకోవడం గురించి. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పడానికి ముందు, పంతొమ్మిదేళ్ళ వయసులో ఒక మోటారు వైండింగ్ షాపులో పనిచేశాను. మా మేస్త్రీ చెయ్యి బంగారం. కాయిలు చుట్టడం, స్లాటుల్లో దింపడం, పేపరు పెట్టడం అన్నీ నాతో చేయించేవాడు. చివర్లు కలిపే సమయానికి "ఒరేయ్, రెండు టీలు పట్రా" అనేవాడు. నేను వచ్చేసరికి చివర్లు కలిపేసి, స్లీవులు తొడిగేసి, దారం కట్టేసి ఉండేది. ఏడాదిన్నర పాటు రోజూ టీలు తెచ్చాను. ఆయన ఊళ్ళో లేని రోజున శివారు పొలాలకి నీళ్ళు తోడే ఐదు హెచ్‌పీ మోటారు ఒకటి వచ్చింది. నాకొచ్చేసిందనుకున్నాను. ఒక కాయిలు జట్టు తిరగేసి కలిపాను. స్విచ్ వేయగానే మోటారు తిరక్కుండా గూఁ మని మూలిగింది, ఆ వెంటనే వార్నిష్ కాలిన వాసన. దాళ్వా నాట్లకి నీళ్ళు పెట్టుకోవాల్సిన రైతు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన ఏమీ అనలేదు, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ ముఖం నాకు గుర్తుంది.

మీ కుర్రాడికి ఇప్పుడు అలాంటి ముఖమొకటి గుర్తుండిపోతుంది. మాంత్రికుడు మంత్రం దాచినట్టు మన పనుల్లో మర్మం దాచుకోవడం తరతరాలుగా ఉంది. మీ మేస్త్రీ కూడా మీ దగ్గర దాచే ఉంటాడు. వైండింగ్‌లో దాస్తే మోటారు కాలుతుంది. డాబా మీద డీసీ సంగతి దాస్తే ఇల్లు కాలుతుంది, మనిషి పడతాడు. ఏమీ రాని హెల్పరు తీగ ముట్టుకోడు, అన్నీ వచ్చినవాడు జాగ్రత్తగా ముట్టుకుంటాడు. సగం వచ్చినవాడే ధైర్యంగా చెయ్యి పెడతాడు. అందుకే మీ నాలుగు ప్రశ్నలకీ ముందు ఒక మాట ఖాయంగా చెబుతాను: ఎవరిని పెట్టుకున్నా, ఎంతకాలం ఉన్నా, భద్రతకి సంబంధించినది మొదటి వారంలోనే మొత్తం చెప్పేయాలి. మిగతాదంతా మీ ఇష్టాన్ని బట్టి, మీ ఓపికని బట్టి.

ఆ ముగ్గురూ ఎందుకు వెళ్ళారో మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి. పని రాని రోజున 400, పని వచ్చిన రోజున 600. ఆ తర్వాత? మీ దగ్గర 600 తర్వాత మెట్టు లేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు స్టాండు బిగించి, వైరింగ్ చేసి, ఇన్వర్టర్ ఆన్ చేసి అప్పగించగలిగాక కూడా హెల్పరు లెక్కలోనే ఉంటే, ఏదో ఒక తలుపు వెతుక్కుంటాడు. మన వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్ వెళ్ళినవాడు ఒకడుంటాడు, వాళ్ళకి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే కనిపిస్తుంది. కర్నూలు వైపు వెళ్ళినవాడికి వెయ్యి మెగావాట్ల పార్కులో నెల జీతం, పీఎఫ్ దొరికి ఉంటుంది. వాళ్ళు మీకు ద్రోహం చేశారని మీరు రాశారు. మీ కష్టం నాకు అర్థమవుతుంది, ఆ మాటతో మాత్రం నేను ఏకీభవించలేను.

ఒక్కడినే చేసుకుంటానన్న ఆలోచన చూద్దాం. 550 వాట్ల ప్యానెల్ ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది. మూడు కిలోవాట్లంటే ఆరు ప్యానెళ్ళు, ఇరుకు మెట్ల మీదుగా. ఒక్కరు ఎత్తే పని అసలు కాదది. కాబట్టి ఒక్కడినే అంటే కూలి మనుషులతో ఎత్తించుకుని మిగతాది మీరే చేసుకోవడం. నెలకి ఆరేడు ఇళ్ళు మూడుకి దిగుతాయి. డబ్బు తగ్గుతుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. ఇల్లు గడిచిపోతుందనుకుంటే అది తప్పుడు దారేమీ కాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ రెండేళ్ళలో మీరు పెట్టిన ఇళ్ళు నూట యాభై దాకా ఉంటాయి. కంప్లైంటు వస్తే వెండరు ఫోను చేసేది మీకే. తుపాను వచ్చిపోయిన మర్నాడు నూట యాభై ఇళ్ళ నుంచీ ఫోన్లు వస్తే ఒక్క మనిషి ఏం చేస్తాడు? 1996 నవంబరు 6 నాటి గాలి మీరు చూసే ఉంటారు, అప్పటికి మీకు పదహారు పదిహేడేళ్ళు ఉంటాయి. కొబ్బరి తోటలకి తోటలే పడుకున్న రాత్రి అది.

సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే తీసుకోవడం రెండో దారి. ఇది ఇప్పుడు వీలైన పనే. కేంద్రం 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణ ఉంది, జాతీయ సౌరశక్తి సంస్థ నడిపిస్తుంది. 600 గంటలు, సుమారు మూడు నెలలు. ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ లాంటి ట్రేడుల్లో ఐటీఐ చేసినవాళ్ళని తీసుకుంటారు. ఐటీఐల్లో సోలార్ టెక్నీషియన్ పేరుతో ఏడాది ట్రేడు కూడా ఉంది. అలా వచ్చినవాడికి డీసీ అంటే ఏమిటో, ఎర్తింగు మూడు గుంతలు ఎందుకు తవ్వుతామో, పడిపోకుండా కట్టుకునే హార్నెస్ ఎలా తొడుక్కోవాలో మీరు మొదట్నించీ చెప్పక్కర్లేదు. ప్రాణం మీదకి తెచ్చుకునే తప్పులు తగ్గుతాయి. దీనికి ఖరీదు కూడా ఉంది. 400కి రాడు. పెద్ద కంపెనీలు కూడా అతని కోసమే చూస్తుంటాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకం దేశంలో కోటి ఇళ్ళు లక్ష్యం పెట్టుకుంది. అన్ని డాబాలకి మనుషులు ఎక్కడ సరిపోతారు? మీ దగ్గర పనిచేసినవాళ్ళు చెదిరిపోవడానికి అది కూడా ఒక కారణం. పని తెలిసిన చేతికి ఇప్పుడు గిరాకీ ఉంది.

ఇంకొకటి, శిక్షణ కేంద్రంలో చదును నేల మీద మంచి ఎండలో కట్టిన స్టాండు మీద నేర్పుతారు. మన డాబాలు వేరు. ఇంటికి నాలుగు వైపులా కొబ్బరి చెట్లు. ఒక్క మట్ట నీడ ప్యానెల్ మీద పడితే ఆ నీడ పడిన మేరకే ఉత్పత్తి తగ్గుతుందని కొత్తవాడు అనుకుంటాడు. ప్యానెల్‌లో మూడో వంతు పోవచ్చని, పొద్దున నీడ లేకపోయినా మూడు గంటలకి ఏ చెట్టు నీడ ఎక్కడికొస్తుందో చూడాలని, నీడ సంగతి అటుంచి కాయ రాలితే అద్దం ఏమవుతుందో చూసి చోటు ఎంచాలని మీరే చెప్పాలి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో నట్టు, బోల్టు ఏ రకం వాడకపోతే రెండేళ్ళలో తుప్పు పట్టి ఊడుతుందో మీకు తెలుసు. ఉప్పునేల ఎర్తింగు కడ్డీని ఎంత తొందరగా తినేస్తుందో చెరువుల మీద ఏరియేటర్లకి ఎర్తింగు చేసిన మీకంటే ఎవరికి బాగా తెలుసు? సర్టిఫికెట్ ఉన్నవాడిని తెచ్చినా మీరు నేర్పడం తప్పదు. ఎక్కణ్ణుంచి మొదలుపెడతారన్నదే తేడా.

బాండు గురించి గట్టిగా చెబుతాను, వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకోవడం అసలే వద్దు. నా దగ్గర చదివిన పిల్లల సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించడానికి నేను ఎన్ని షాపుల గుమ్మాలెక్కానో. "మా దగ్గర మానేశాక ఈ పని ఎక్కడా చెయ్యకూడదు" అని స్టాంపు కాగితం మీద రాయించుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు. శిక్షణకి మీరు నిజంగా పెట్టిన ఖర్చు రాబట్టుకునే ఒప్పందం రాసుకోవచ్చు గానీ, దాని కోసం కోర్టుకి తిరిగే ఖర్చు అంతకంటే ఎక్కువ. బాండు ఉన్నవాడు మనసు పెట్టి పనిచేయడు, గడువు తీరే రోజు కోసం లెక్కపెట్టుకుంటాడు.

మూడో దారి, మొత్తం నేర్పి మెట్లు కట్టడం. దీనికి మీరు కూలీ లెక్క నుంచి బయటికి రావాలి. స్టాండు, ప్యానెల్ ఒంటరిగా తప్పు లేకుండా చేయగలిగిన రోజున ఒక రేటు. డీసీ, ఏసీ వైరింగ్, ఎర్తింగు చేసి, మెగ్గరు (తీగల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) రీడింగు రాసి చూపించిన రోజున ఇంకో రేటు. ఇల్లు మొత్తం తనే అప్పగించగలిగితే రోజు కూలీ మానేసి ఇంటికి ఇంత అని ఇవ్వండి. వీటితోపాటు నాకు ఇంకా గట్టి ముడిగా కనిపించేది ఒకటుంది. వెండరు మీకు మెయింటెనెన్స్ విజిట్లకి విడిగా డబ్బు ఇస్తారని రాశారు. ఏ కుర్రాడు పెట్టిన ఇళ్ళు ఆ కుర్రాడి పేరు మీద రాసి, వాటి విజిట్ల డబ్బులో సగం అతనికే ఇవ్వండి. మొదటి ఏడాది అది చిన్న మొత్తమే. మూడో ఏడాదికి ఎనభై, వంద ఇళ్ళవుతాయి. వదిలి వెళ్ళేవాడు ఆ ఇళ్ళు వదులుకుని వెళ్ళాలి. కాగితం లేకుండానే కాళ్ళకి అడ్డం పడుతుంది. రేపు తన కనెక్టరు చూడ్డానికి తనే వెళ్ళాలని తెలిసినవాడు ఈ రోజు ప్లయరుతో నొక్కడు. అయితే మీ చేతికి వచ్చేది తగ్గుతుంది. నెలకి పది పన్నెండు వేలు తక్కువ రావచ్చు. ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. అంత వదులుకోలేను అనిపిస్తే మొదటి దారికే వెళ్ళండి, మధ్యలో ఆగకండి.

ఇంత చేసినా ఒకరిద్దరు వెళ్ళిపోతారు. కువైట్ వెళ్తానన్నవాడిని ఆపకండి. పని అనుభవానికి ఒక లెటర్ రాసివ్వండి. విదేశీ ఉద్యోగాలకి కేంద్రం పెట్టిన ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్ళమని, చట్టం ప్రకారం ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదని చెప్పి పంపండి. లక్షలు పోసి చెయ్యని పనికి వెళ్ళిన పిల్లలని చాలామందిని చూశాను. ఇక మండలంలో బోర్డు పెట్టిన మూడోవాడు. అతని మీద మీకు అందరికంటే ఎక్కువ కోపం ఉంది. నాకేమో మీకు అందరికంటే ఎక్కువ పనికొచ్చేవాడు అతనే అనిపిస్తోంది. మీరు నేర్పిన పద్ధతిలోనే పనిచేసే మనిషి పది కిలోమీటర్లలో ఉన్నాడు. పదకొండు ఇళ్ళు వారంలో తిరగాలంటే మీకు ఇప్పుడు ఒక జత చేతులు కావాలి. అడిగి చూడండి. కాదంటే మీరు పోగొట్టుకునేది ఒక ఫోను కాలే.

మీ సంగతి ఒకటి. మీకు వైర్‌మన్ పర్మిట్ ఉందని రాశారు, సోలార్ మీద కాగితం లేదు. ఇప్పటికే పని వచ్చినవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు నైపుణ్య శిక్షణ పథకాల్లో ఉంది. దగ్గరి ఐటీఐలో గానీ, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్ళ కేంద్రంలో గానీ కనుక్కోండి. రేపు వెండరు మారినా, మీరే సొంతంగా వెండరు కావాలనుకున్నా పనికొస్తుంది.

ఇక మీ మేనకోడలు.

ఈ అమ్మాయి గురించి మీరు రాసిన పేజీ రెండుసార్లు చదివాను. ఎక్కడా "దానికి పని రాదు" అని రాయలేదు. జనం ఏమంటారో అనే రాశారు. మన ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ దాకా ఒంటరిగా వెళ్తున్నారు. రొయ్యల ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. మోకాలి లోతు బురదలో నాట్లు వేస్తున్నారు. అప్పుడు నోరెత్తని జనం, డిప్లొమా చదివిన పిల్ల మేనమామతో కలిసి పక్క వీధిలో డాబా ఎక్కితే ఏదో అంటారని మనం భయపడుతున్నాం. అంటారు, కాదనను. కొన్నాళ్ళు అంటారు. రాజస్థాన్‌లో తిలోనియా అనే పల్లెలో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. చదవడం, రాయడం రాని అమ్మమ్మలు వేరే దేశాల నుంచి కూడా అక్కడికి వచ్చి సోలార్ దీపాల సర్క్యూట్లు కట్టడం నేర్చుకుని వెళ్ళారు. మీ మేనకోడలికి నెట్‌వర్క్ థియరం కూడా వచ్చు.

అలాగని రేపే హార్నెస్ తొడిగించండి అనను. చెల్లెలి భయం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. భర్త లేని మనిషి, పిల్ల పెళ్ళే ఆమెకి మిగిలిన పెద్ద పని. ఆమెని ఒక రోజు మీతో సైటుకి తీసుకెళ్ళండి. పని ఎలా జరుగుతుందో, ఎంతమంది ఉంటారో, ఎన్ని గంటలకి ఇంటికొస్తారో కళ్ళతో చూడనివ్వండి. అమ్మాయి విషయంలో మీ ముందు రెండు పద్ధతులున్నాయి. మొదట సర్వే, నీడ కొలవడం, పోర్టల్‌లో అప్లికేషన్, నెట్ మీటరు (లైనుకి పంపిన కరెంటు కూడా లెక్కపెట్టే మీటరు) కాగితాలు, ఇన్వర్టర్ యాప్ చూడటం ఇచ్చి, ఆరు నెలల తర్వాత డాబా ఎక్కించడం ఒకటి. ఇంట్లో గొడవ తక్కువ. కానీ ఆ ఆరు నెలలు ఆరేళ్ళయ్యే ప్రమాదం ఉంది. చదువుకున్న ఆడపిల్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మర్చిపోవడం మనకి అలవాటు. రెండోది, మొదటి రోజు నుంచే కుర్రాడితో సమానంగా పనిలో పెట్టడం. గొడవ ముందే అయిపోతుంది, పని తొందరగా వస్తుంది. కానీ మీరు చెల్లెలితో, భార్యతో రెండు మూడు నెలలు మాటలు పడాలి. ఎటు వెళ్ళాలో అమ్మాయినే అడగండి. ఏది ఎంచుకున్నా కుర్రాడి రేటే ఆమెకీ ఇవ్వండి. సైటులో ఎప్పుడూ ఇద్దరికి తక్కువ ఉండకూడదు, చీకటి పడేలోపు ఇంట్లో దించాలి, బాత్రూమ్ సంగతి కస్టమరు ఇంటావిడతో ముందే మాట్లాడాలి. ఇంట్లో ఆడవాళ్ళే ఉన్న మధ్యాహ్నాల్లో కంప్లైంటు వస్తే ఆమె వెళ్ళడం మీకంటే తేలిక, అది కూడా గమనించండి.

"నేను ఎక్కడికీ వెళ్ళిపోను" అని ఆమె అన్నందుకు మీకు ధైర్యంగా ఉందని రాశారు. ఆ మాట మీద ఏమీ కట్టకండి. పెళ్ళయితే వెళ్ళొచ్చు, కాకినాడలో వస్తున్న గ్రీన్ అమోనియా ప్లాంటులో ఉద్యోగం దొరికితే వెళ్ళొచ్చు. వెళ్ళే హక్కు ఆమెకి ఉండనివ్వండి.

ఇప్పుడు నాలుగో కుర్రాడు. వాళ్ళింటికి మీరే వెళ్ళండి. వీధిలో తిట్టారు కాబట్టి, వాళ్ళమ్మానాన్నల ముందు చెప్పండి, నేను నేర్పని పనిని నీ చేతికిచ్చాను, తప్పు నాది అని. అతను తిరిగి రాకపోవచ్చు. వస్తే పదకొండు ఇళ్ళకీ మీతో తీసుకెళ్ళండి, చూడటానికి కాకుండా చేయడానికి. తను పెట్టిన కనెక్టరు తనే విప్పి, తనే మళ్ళీ పెట్టాలి, మీరు పక్కన నిలబడాలి. అమ్మాయి కూడా రావచ్చు. ఆ వారమే ఇద్దరికీ మొదటి పాఠమవుతుంది.

ఆ కరిగిన కనెక్టరు మీ దగ్గరే ఉందన్నారు, పారేయకండి. హ్యాక్సా బ్లేడుతో నిలువుగా కోసి, లోపల పిన్ను ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆనలేదో ఇద్దరికీ చూపించండి. తర్వాత మంచి క్రింపింగ్ టూలు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల కేబులు ముక్కలు, ఓ ఇరవై జతల కనెక్టర్లు ముందు పెట్టండి. ఒలిచిన రాగిలో ఒక్క పోగు బయట ఉండకుండా, లాగితే ఊడకుండా పదిసార్లు వరసగా వచ్చేదాకా చేయించండి. ఖర్చు రెండు మూడు వేలు దాటదు. ఆ సమయంలో టీ కావాలంటే మీరే వెళ్ళి తెచ్చుకోండి.